మూలల్లేని అక్షరాలు

సన్నీవేల్‌లో మా వంటగది బల్ల దగ్గర పాప పెన్సిల్ చెక్కుతుంటే లేచే ఆ దేవదారు పొట్టు వాసన ముక్కుకు తగలగానే, నేను పెరిగిన ఊరు క్యారీలో మా నాన్న గ్యారేజీ కళ్ళముందు నిలుస్తుంది. వెంటనే పెన్సిల్ డబ్బా మీద గుండ్రటి అక్షరాల్లో అచ్చయిన పాప పేరు కనబడి, ఆ జ్ఞాపకం కాస్తా చేదవుతుంది. ఆ ఫాంట్ లావణ్యది.

మార్చి నెలాఖరుకల్లా క్యారీలో పైన్ పుప్పొడి కార్లన్నిటి మీదా పసుపు చల్లినట్టు పడేది. ఉగాది దగ్గరపడి లోపల అమ్మ పులిహోర పోపు వేస్తుంటే, ఇంజనీరైన నాన్న లుంగీ కింద పాత స్నీకర్లు తొడుక్కుని, రూటర్ అనే చెక్కుడు మిషన్‌తో తెలిసినవాళ్ళ ఇళ్ళకు పేరు బోర్డులు చేసేవాడు. చెక్కపొట్టు ఆయన కనుబొమల మీదా, నా జడలోనూ రాత్రి దాకా ఉండేది. ఆయన పక్కన నిలబడే హక్కు నా ఒక్కదానిదే అనుకునేదాన్ని, అమ్మ దగ్గర తెలుగు నేర్చుకోడానికి పక్కవీధి లావణ్య వచ్చేదాకా.

మా ఇంటికే బోర్డు చేద్దామనుకున్న ఏడు, ఇంగ్లీషులో మా ఇంటిపేరు నన్ను గీయమన్నాడు నాన్న. వారమంతా కూర్చుని, ప్రతి అక్షరానికీ సూదిగా కొసలు తీర్చాను. ఓ పనికిరాని చెక్క మీద చెక్కి చూస్తే, మొనలన్నీ మొద్దుబారాయి.

"చెక్కే బిట్ మొన గుండ్రంగా ఉంటది కదమ్మా, మూలల్లోకి వెళ్ళదు," అన్నాడు.

పక్కనే ఉన్న లావణ్య మా అమ్మ పండక్కి తెచ్చిన మెహందీ కోన్ తీసుకుని, అట్టముక్క మీద మా పేరు రాసింది. కోన్‌లోంచి జారిన గీత మొదలూ చివరా గుండ్రంగా, పొడుగునా ఒకే లావుగా వచ్చింది. 'ఓ' అయితే అచ్చం గారె.

"అదీ! పర్ఫెక్ట్! చిన్నీ, చూశావా?" అన్నాడు నాన్న.

చూశాను, కళ్ళల్లో నిప్పులు పోసుకుని మరీ చూశాను. మా గుమ్మం మీద మా పేరు దాని అక్షరాల్లో ఎక్కింది. ఆ పండక్కి నేను పులిహోర ముట్టలేదు. ఆ తర్వాత ప్రతి శనివారం నాన్న పెన్సిల్ దాని చేతికే ఇచ్చేవాడు.

పెద్దయ్యాక లావణ్య ఆ అక్షరాలనే పెంచి ఫాంట్ చేసింది. పిల్లల డెంటిస్టు బోర్డు, ఆఫీస్ షటిల్ బస్సు, దగ్గుమందు సీసా, ఎక్కడ చూసినా అవే. స్నేహంగా పలకరిస్తాయట! చిన్నప్పుడు ఓ అంకుల్ గ్యారేజీలో నేర్చుకున్నానని తన వెబ్‌సైట్‌లో రాసుకుంది. ఓ అంకుల్! నలభై దాటినా నా కుళ్ళు చావలేదు.

నాన్న పోయాక ఆ ఇల్లు అమ్మేశాం. కొత్తవాళ్ళు బోర్డు పీకేశారు, రూటర్ ఎవరు పట్టుకెళ్ళారో తెలీదు. నాన్న రూటర్ తిప్పిన ఆ గుండ్రటి మలుపు ఇప్పుడు లావణ్య ఫాంట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అదే నాకు మరీ మంట.

"అమ్మా, నా నేమ్ సో క్యూట్! ఈ లెటర్స్ ఎవరు చేశారు?" పాప డబ్బా మీద వేలు పెట్టి అడిగింది.

లావణ్య పేరు నోటిదాకా వచ్చింది.

"మీ తాతయ్య," అన్నాను.