ఎడమచేత్తో రాసిన నోటీసు

బందరులో రోల్డుగోల్డు గాజులు చేసే షెడ్డులో ప్రెస్సు మిషను మీద పని నాది. ఒకరోజు రేకు సరిచేస్తుంటే అచ్చు దిగిపోయి కుడి చూపుడువేలి కొస నలిగింది. ఓనరు గారిని మేమంతా బాబాయి గారనే పిలుస్తాం. ఆయనే స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్లారు, బిల్లు కట్టారు, బత్తాయిలు కూడా కొనిచ్చారు. "చూసుకుని చెయ్యాలమ్మా" అని మాత్రం నాలుగుసార్లు అన్నారు. నిజమే కదా అని తలూపాను.

కట్టు మార్పించుకోడానికి వెళ్లినప్పుడు కృత్తివెన్ను నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పక్కన కూర్చుంది. రొయ్యల చెరువు గట్టు మీద పనిచేస్తూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుందట. నా సంగతి విని, "పనిలోకి వెళ్లని రోజులకి ఏమన్నా ఇస్తున్నారా?" అంది.

"తప్పు నాదేనండి."

"ఎవరిదైతే ఏం? పనిలో ఉండగానే కదా తగిలింది. లేబర్ ఆఫీసుకెళ్లి అడుగు. నేనూ అలాగే అడిగాను."

మర్నాడే వెళ్లాను. అక్కడి ఆఫీసరు గారు అంతా విని, "మీరు కావాలని రూలు తప్పలేదు. పొరపాటు పడినంత మాత్రాన హక్కు పోదమ్మా. ముందు పరిహారం కావాలని ఓనరుకి నోటీసు రాసివ్వండి" అన్నారు.

మా ఆయన రాస్తానన్నాడు గానీ, నేనే రాయాలనిపించింది. ఎడమచేత్తో రెండు పేజీలు రాసేసరికి అక్షరాలన్నీ తలోదిక్కుకీ ఒరిగాయి.

బాబాయి గారు కాగితం దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. "ఏం రాశావమ్మా?"

"చదివి వినిపిస్తానండి."

షెడ్డులో మిషన్లు ఆగాయి. మొదట్లో మెల్లగా చదివాను. 'పరిహారం' అనే మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచాను. ఒకచోట నా రాత నాకే అర్థంకాక ఆగిపోతే, "పర్లేదు, నిదానంగా చూసుకో" అని ఆయనే అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

అంతలోనే మొహం ముడుచుకుని, "ఆసుపత్రి బిల్లు కట్టాను కదా" అన్నారు.

"అది కూడా మీరే కట్టాలంటండీ. బత్తాయిలు మాత్రం మీ మంచితనం."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. రెండు రోజులు తెలిసినవాళ్లని అడిగి చూశారట. మూడోరోజు నన్ను వెంటబెట్టుకుని ఆయనే లేబర్ ఆఫీసుకి వచ్చారు. డాక్టరు సర్టిఫికెట్ చూసి లెక్కకట్టిన పరిహారం కొన్ని వారాలకి నా చేతికి అందింది. చెయ్యి లోపలికి వెళ్లకుండా ప్రెస్సుకి ఇనప జాలీ బిగించారు.

ఇప్పుడు మళ్లీ అదే మిషను మీద చేస్తున్నాను. నలిగిన ఆ చూపుడువేలి కొసకి గాజు నునుపు తెలియడంలేదు. మధ్యవేలితో తడిమి చూసుకుంటున్నాను, దానికీ పని అలవాటైంది.