సర్ఫేఖాస్ కచేరీలో మా నెయ్యి

కామారెడ్డిలో మా కొత్త కొట్టుకు బోర్డు రాయించేటప్పుడు బాపు, అంటే మా నాన్న, ఒక్కటే పట్టు పట్టాడు. పేరు కింద "నిజాం వంటింటికి నెయ్యి పంపిన ఇల్లు" అని ఉండాలట. పంపింది బాపు తాత, అంటే మా ముత్తాత. బాపు ఎనభై దాటిన మనిషి, ఎన్నడూ ఏదీ అడగనివాడు, ఇదొక్కటి అడిగాడు. నేను సరుకు గురించి రెండు మాటలు ఎక్కువే చెప్తాను గానీ, బోర్డు మీద రాసిన మాటకు బేరం కుదరదు. అందుకే సాక్ష్యం వెతుక్కుంటూ ఎల్లారెడ్డి వెళ్లాను.

నిజాం ఇంటి ఖర్చులకు కొన్ని ఊళ్ల ఆదాయం విడిగా పోయేది. ఆ ఊళ్లను చూసుకునే సర్కారు శాఖే సర్ఫేఖాస్. మా వైపు దాని కచేరీలో నెయ్యి, కంబళ్లు పరీక్షించి హైదరాబాదుకు పంపేవారని మా పెద్దలు చెప్పేవారు. రాజ్యం పోయాక శాఖా పోయింది, దాని ఊళ్లు మిగతా సర్కారు ఊళ్లలో కలిసిపోయాయి. అక్కడ నెయ్యి పరీక్షించిన జమేదారు కోడలు మాత్రం ఎల్లారెడ్డిలో ఉంది. మామ చెప్పిన ముచ్చట్లన్నీ ఆ అవ్వకు నోటికి వచ్చు.

"మీ నెయ్యా!" అని నవ్వింది. "మా మామ చేతికి రాసుకొని వాసన జూసి, 'మళ్ల మాడగొట్టినవా సేటూ' అంటుండెనట. మీ ముత్తాత పదిసార్లు తెచ్చిండు, పదిసార్లు వద్దన్నరు."

రాజు కోసమని గడప దాటిన సరుకును తిరిగి ఇంటికి తేకూడదని మావాళ్ల పట్టింపు. అంగట్లో అమ్మడం అంతకన్నా తప్పు. అందుకని ముత్తాత ఆ కుండలను కచేరీ నౌకర్ల ఇళ్లలో ఇచ్చి, చేతులూపుకుంటూ వచ్చేవాడట.

"మా ఇంట్ల పిల్లలంత మీ నెయ్యి తినే పెరిగిండ్రు బిడ్డా. మా మామకైతే ఆ మాడు వాసన లేకుంటె ముద్ద దిగకపోతుండె."

బాపు ముఖం గుర్తొచ్చింది. ఉన్న విద్య ఒకటే కాబట్టి బేరం మొదలుపెట్టాను.

"పదిట్ల అయిదన్న తీసుకోలేదా అవ్వా?"

"లేదు."

"రెండు?"

"ఏంది, చింతపండు కొంటున్నవా?"

"ఒక్కటి అవ్వా. బాపు అడిగిండు."

అవ్వ కాసేపు ఆలోచించింది. "ఒక్కపారి తీసుకున్నరు. కచేరీకొచ్చిన నిజాం గుర్రం కాలు బెణికితే మాలీషుకు. మా మామ మీద ఒట్టు, గుర్రం లేచి నడిచిందట సుత."

తిరిగొచ్చి బాపుకు ఉన్నదున్నట్టు చెప్పాను. మాడిన సంగతి కూడా దాచలేదు. నొచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"ఆ గుర్రం కచేరీదా, నిజాందా?" అన్నాడు.

"నిజాందేనట బాపూ."

"మరి అదే రాయించు. వంటిల్లు తీసెయ్, గుర్రం పెట్టు."