రూళ్ళ పుస్తకంలో రైలెక్కినామె

మొన్న మా మనవరాలు ఒక పుస్తకం కొనుక్కొచ్చింది. చదివిన కథల గురించి అందులో రాసుకోవాలట, బొమ్మలు అతికించాలట, నచ్చినదాన్ని బట్టి చుక్కలు పెట్టాలట. "కొత్త హాబీ అమ్మమ్మా!" అంది. కొత్తేమిటి నా మొహం! ఆ పని నేను పంతొమ్మిదివందల అరవైల చివర్లో బొబ్బిలిలో చేశాను, చీవాట్లు కూడా తిన్నాను.

అప్పటికి నా ఎస్సెల్సీ అయిపోయింది, సంబంధాలు చూస్తున్నారు. ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరిగేదాన్ని. "ఒకసోట కూకోలేవేటే?" అని నాన్న కసిరేవాడు. ఎలా కూర్చుంటాను? మా వీధి మొత్తానికి వారపత్రిక వచ్చేది పోస్టుమాస్టారి ఇంటికొక్కదానికే. ఆయన భార్య అది రాగానే సీరియల్ పేజీలు కత్తిరించి, బైండు చేయించడానికి దాచేసేది. వంటలూ వారఫలాలతో మిగిలిన పత్రిక వీధంతా తిరిగేది గానీ, సీరియల్ మాత్రం ఆవిడ గడప దాటేది కాదు. శుక్రవారం పొద్దున్నే వెళ్ళి, ఆవిడ పప్పు రుబ్బేలోపు గుమ్మంలో నిలబడి చదివేసి, మరిచిపోకముందే ఇంటికి పరుగెత్తి రూళ్ళ పుస్తకంలో రాసుకునేదాన్ని. పక్కన కథానాయిక బొమ్మ వేసి, చీర అంచు రంగు పెన్సిళ్ళతో దిద్దేదాన్ని. మధ్యాహ్నం అదంతా మా పెద్దమ్మకు చదివి వినిపించాలి. పదహారో ఏట భర్త పోతే మా వీధిలోనే ఉన్న పుట్టింటికొచ్చి, ఆ తరవాత ఊరి పొలిమేర దాటని మనిషి. అక్షరం రాదు. "ఏటయిందే ఆ పిల్లకి? బేగి సెప్పు" అని గురువారం నుంచే నా ప్రాణం తీసేది.

ఒక శుక్రవారం ఆ ఇంటికి చుట్టాలొచ్చారు. "ఇవాళ కాదమ్మా, రేపు రా" అని ఆవిడ తలుపేసేసింది. రేపా! అప్పటిదాకా నేనూ ఆగలేను, పెద్దమ్మా ఆగదు. మొగుడు గెంటేసిన ఆ కథానాయిక పోయిన వారం నుంచీ అరుగుమీద ఏడుస్తూనే కూర్చుంది. నాకు ఒళ్ళు మండి, రూళ్ళ పుస్తకంలో నేనే ఆమెను లేపి, పెట్టె చేతికిచ్చి, బొబ్బిలి స్టేషన్లో రైలెక్కించేశాను. అది విని పెద్దమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. అంతటితో ఊరుకుందా? సాయంత్రం కుళాయి దగ్గర పోస్టుమాస్టారి భార్యతోనే చెప్పేసింది. "రైలేమిటండీ? ఆ పిల్ల భర్త కాళ్ళమీద పడింది, ఆయన క్షమించాడు" అందావిడ. మర్నాడు నన్ను పిలిచి, "మా ఇంట్లో చదివి ఊళ్ళో అబద్ధాలు చెబుతావా? ఇంక రాకు" అని మొహం మీదే చెప్పింది.

ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఆ గుమ్మం పోతే మా ఇద్దరికీ ఇక కథ లేదు. పైగా పెద్దమ్మను నలుగురిలో నవ్వులపాలు చేశాను. సిగ్గుతో రూళ్ళ పుస్తకం పొయ్యిలో పెట్టబోతే పెద్దమ్మ లాక్కుంది.

"ఆల కత ఆలకే ఉండనీ. కాళ్ళట్టుకోడం నాను సూడందేటి? నువ్వు రాసిందే సదువు" అంది. పుస్తకం నా ఒళ్ళో పెట్టి, "రైలెక్కినాది గదా, ఎక్కడ దిగినాది?" అని అడిగింది.

నాకేం తెలుసు! విజయనగరమని రాసి కొట్టేశాను, కొత్తవలసని రాసి కొట్టేశాను. ఏ ఊళ్ళో దింపినా ఎవరో ఒకరు "ఎవరింటి ఆడపిల్లవి?" అని నిలదీస్తారనిపించేది. అందుకని వారానికొక స్టేషన్ దాటించేదాన్ని. నా పెళ్ళయ్యేదాకా పెద్దమ్మ అలా వింటూనే ఉంది. తరవాత రెండేళ్ళకు పోయింది, ఊరి పొలిమేర దాటకుండానే.

తన పుస్తకంలో మొదటి పేజీ నన్నే రాయమంది మనవరాలు. పెన్ను పట్టుకుని మళ్ళీ ఆ రైలు కథే ఎత్తుకున్నాను. ఇన్నేళ్ళు గడిచినా ఆ రైలెక్కినామెను దింపడానికి నాకు మనసొప్పలేదు. దింపేస్తే, "ఎక్కడ దిగినాది?" అని పెద్దమ్మ ఇక అడగదు.