ఆరో దరఖాస్తు

నమ్‌హీ అక్కా నేనూ దక్షిణ కొరియాలోని దేగు నగరపు నీటి పరీక్షశాలలో పక్కపక్క బల్లల దగ్గర పని చేస్తాం. శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్ళలో క్లోరిన్ ఎంత ఉంది, మడ్డి ఎంత ఉంది చూసి నమోదు చేయడం మా పని. రెండుసార్లు కొలవనిదే ఆమె ఏ అంకెనూ రాయదు. కొత్తగా చేరినవాళ్ళెవరైనా "నిన్నటిలాగే ఉందండీ" అంటే, "నిన్నటిది నీకు గుర్తుంది, సరే. ఇవాళ్టిది కొలిచావా?" అని అడుగుతుంది. గొంతు పెంచదు. ఆ మాట అనిపించుకున్నవాళ్ళు మళ్ళీ అలా అనరు. నేనూ ఒకసారి అనిపించుకున్నాను.

ఆమె భర్త కళ్ళజోళ్ళ ఫ్రేములు తయారుచేసే కర్మాగారంలో మెరుగు పెట్టే పని చేస్తాడు. పిల్లలిద్దరు. పెద్దది యురిమ్. దాని తమ్ముడు గ్యుమిన్.

యురిమ్ జాతీయ ప్రవేశ పరీక్ష రాసిన సాయంత్రం నవ్వుతూ ఇంటికి వచ్చింది. గుర్తున్న జవాబులతో తనే మార్కులు వేసుకుని, "బ్రహ్మాండంగా రాశానమ్మా" అంది. ఆ మాట నమ్మి, ఆ వారాంతంలో, ముందుజాగ్రత్తకు దరఖాస్తు పెట్టిన వేరే విశ్వవిద్యాలయం వ్యాస పరీక్షకు వెళ్ళనక్కరలేదని ఇంట్లో అందరూ అనుకున్నారు. అసలు మార్కులు వచ్చాక చూస్తే, ఆ పిల్లకు గుర్తున్నవి తాను రాయాల్సిన జవాబులు, రాసినవి కావు. ఏడాదిపాటు మళ్ళీ చదివింది. చివరికి తనకు ఇష్టంలేని కళాశాలలో చేరింది. ఆ ఏడాదంతా నమ్‌హీ అక్క ఇంట్లో పెద్దగా మాట్లాడలేదని ఆమె భర్త ఒకసారి నాతో అన్నాడు.

గ్యుమిన్‌కు పశువైద్యం చదవాలని కోరిక. చిన్నప్పుడు చొంగ్డో పల్లెలో తాతగారి ఆవు ఈనలేక చనిపోతుంటే చూశాడు. పశువుల డాక్టరు వచ్చేసరికే ఆలస్యమైంది. అప్పటినుంచీ వాడికి వేరే ఊహ లేదు. దేశంలో అందరూ మొదట పేరు చెప్పే విశ్వవిద్యాలయంలోనే చదవాలని వాడి పట్టుదల. బడిలో మార్కులు అంతంతమాత్రం. జాతీయ పరీక్ష మాదిరి ప్రశ్నపత్రాలు ఇస్తే మాత్రం తరగతిలో వాడి దరిదాపులకు వచ్చేవాళ్ళు లేరు.

ఇక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. సెప్టెంబరులో ఒక్కో విద్యార్థి ఆరు ముందస్తు దరఖాస్తులు పెట్టుకోవచ్చు. వాటికి బడి మార్కులూ వ్యాసాలూ ముఖ్యం. జాతీయ పరీక్ష మార్కులతో పెట్టుకునే అసలు దరఖాస్తులు ఆ తర్వాత, ఏడాది చివర్లో. ఆ ఆరింటిలో ఏ ఒక్కచోట సీటు వచ్చినా, చేరినా చేరకపోయినా, ఆ ఏడాదికి అసలు దరఖాస్తు పెట్టే హక్కు పోతుంది. మంచి మార్కులు వచ్చిన పిల్లవాడు ఇలా తక్కువ చోట ఇరుక్కుపోతే, "పిల్లాణ్ణి ఎత్తుకుపోయారు" అంటారు మా వాళ్ళు.

గ్యుమిన్ ఐదు దరఖాస్తులు పశువైద్యానికే పెట్టాడు. ఆరోది వాళ్ళమ్మ పెట్టించింది. సియోల్‌లో ఒక మధ్యరకం విశ్వవిద్యాలయం, ఆహార శాస్త్రం. దాని వ్యాస పరీక్ష జాతీయ పరీక్ష అయిన రెండు రోజులకే. వెళ్ళకపోతే ఆ దరఖాస్తు దానంతట అదే పోతుంది.

"పరీక్ష బాగా రాస్తే దీనికి వెళ్ళను. సరేనా?" అన్నాడట వాడు భోజనాల దగ్గర.

"సరే."

"మాటివ్వు."

"ఇచ్చానురా బాబూ. ముందు ఆ చేప తిను, చల్లారిపోతోంది."

అక్టోబరులో ఒక ఆదివారం అక్క నన్ను తోడు తీసుకుని పల్గొంగ్ కొండ ఎక్కింది. కొండ మీద నెత్తిన రాతి పలకతో కూర్చున్న బుద్ధుడు ఒక్కో మనిషికి ఒక్క కోరిక తీరుస్తాడని నమ్మకం. పరీక్షల కాలంలో అక్కడ తల్లులే తల్లులు. అక్కకు ఇలాంటివాటి మీద గురి ఉందని నేననుకోలేదు. బియ్యం, కొవ్వొత్తి పెట్టి, మోకాళ్ళు నొప్పెట్టేదాకా మొక్కింది.

"ఏం అడిగావక్కా?" అన్నాను దిగుతూ.

"ఆరింటిలో ఏదో ఒకటి రానిమ్మన్నా."

"అంతేనా? పెద్దదే అడగాల్సింది!"

"ఇస్తాడో ఇవ్వడో తెలియనప్పుడు కొంచెమే అడగాలి," అంది.

జాతీయ పరీక్ష నవంబరులో ఒక గురువారం జరిగింది. పిల్లలు జవాబు పత్రంలో తాము నింపిన జవాబులను ఒక చీటీ మీద ఎత్తి రాసుకుంటారు, సాయంత్రం సరిచూసుకోవడానికి. గ్యుమిన్‌కు భాష పేపరులో సమయం చాలక చివరి భాగం ఎత్తి రాసుకోలేదు. ఆ జవాబులు జ్ఞాపకం మీద వేసుకున్నాడు. లెక్క చూస్తే వాడు కోరిన సీటుకు సరిపోయింది.

"వచ్చేసిందమ్మా! ఎల్లుండి వెళ్ళక్కర్లేదు."

"ఆ చివరివి చీటీలో లేవుగా."

"గుర్తున్నాయిగా!"

"మీ అక్కకీ గుర్తున్నాయి."

"నేను అక్కను కాదు."

"గుర్తుండటం కొలత కాదురా."

"నేనేమన్నా మీ పంపు నీళ్ళనా? మాటిచ్చావు కదా!"

"బాగా రాస్తే అని ఇచ్చా. బాగా రాశావని ఏంటి రుజువు?"

భర్త కల్పించుకుని, "పోనీలే నమ్‌హీ, వాడి పరీక్ష, వాడి ఇష్టం" అన్నాడట. "పోయినసారి కూడా ఈ మాటే అన్నారు. ఏమైంది?" అని ఆమె అడిగిందట.

శనివారం పొద్దున్నే తల్లీకొడుకులు తొంగ్‌దేగు స్టేషన్లో రైలెక్కారు. ఆమె విశ్వవిద్యాలయం గేటు బయట, మిగతా తల్లిదండ్రుల మధ్య, పరీక్ష అయ్యేదాకా నిలబడింది.

డిసెంబరులో అసలు మార్కులు వచ్చాయి. వాడు వేసుకున్నన్ని మార్కులే అచ్చంగా వచ్చాయి. ఆ పొద్దున అక్క పరికరం ముందు కూర్చుని అదే నమూనాను మళ్ళీ మళ్ళీ కొలిచింది.

"ఏమైందక్కా?"

"వాడికి అన్నీ గుర్తున్నాయే. ఒక్కటి కూడా తప్పలేదు."

ముందస్తు ఫలితాలు రావడానికి ఇంకా వారముంది. ఆ ఆదివారం మళ్ళీ కొండకు రమ్మంది. మెట్ల మీద మంచు గట్టిపడి ఉంది. పరీక్షలు అయిపోయాయి కనుక తల్లులు లేరు. నడుము నొప్పి పోవాలని మొక్కుకుంటున్న ముసలివాళ్ళు కొందరే ఉన్నారు. అక్క కొవ్వొత్తి వెలిగించింది గాని, మొక్కకుండా నా వైపు తిరిగింది.

"నా కోరిక అయిపోయిందిగా. నువ్వింకా ఏమీ అడగలేదు కదూ? నా కోసం అడుగుతావా?"

"ఏమని?"

"మావాడు ఆ వ్యాసంలో తప్పాలని."

నేను మొక్కాను. పరాయి పిల్లవాడు తప్పాలని దేవుణ్ణి అడగడం అదే మొదటిసారి. మాటలు సరిగా కుదరలేదు.

పశువైద్యం దరఖాస్తులు ఐదూ పోయాయి. ఆరోదానికి ఫలితం చూసినప్పుడు కంప్యూటరు తెర మీద పూలరేకులు రాలాయట, అభినందనలు అన్న అక్షరాల మీదుగా. అక్క ఆ విశ్వవిద్యాలయానికి ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"మా అబ్బాయి పేరు తీసేయండి. వాడు చేరడు."

"చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇస్తామండీ. కానీ ఎంపికైనట్టు నమోదైపోయింది. ఈ ఏడు ఇంకెక్కడా దరఖాస్తు చెల్లదు," అంది అవతలి అమ్మాయి. గొంతులో మర్యాదకు లోటు లేదు. "అబ్బాయి వ్యాసం మా వాళ్ళకు చాలా నచ్చిందండీ."

ఆ రాత్రి ఆమె కొడుకును అడిగిందట. "ఖాళీ కాగితం ఇచ్చి రావచ్చు కదరా. నేను గేటు బయట ఉన్నా. లోపల నిన్ను ఎవరు చూశారు?"

"అలాగే ఇద్దామనుకునే లోపలికెళ్ళా. కూర్చున్నాక, ఒకవేళ అమ్మ అన్నదే నిజమేమో అనిపించింది. నువ్వు అంత గట్టిగా అన్నావుగా. నాకూ అనుమానమొచ్చింది. అందుకే బాగా రాశా."

పిల్లలకు సీటు వస్తే పనిచేసే చోట బియ్యప్పిండి మిఠాయిలు పంచాలి. అక్క మూడు రోజులు ఊరుకుంది. మా పై అధికారి వదల్లేదు. "ఏం గ్యుమిన్ వాళ్ళమ్మా! కొడుకు సియోల్ వెళ్తున్నాడట, మా నోళ్ళు ఎండబెడతావా?" మర్నాడు పెట్టె తెచ్చింది. బల్ల బల్లకూ తిరిగి పంచింది. "గట్టిదానివమ్మా! మావాడికీ కాస్త ఉపాయం చెప్పు" అని ఒకావిడ చేయి పట్టుకుంది. "తినండి, వేడిగా ఉన్నాయి" అంది అక్క. నేను నాది తిన్నాను. నువ్వుల పూర్ణం, తీపి కాస్త ఎక్కువ.

ఫిబ్రవరి చివర్లో అక్క వాణ్ణి రైలెక్కించడానికి స్టేషనుకు వెళ్ళింది. వాడు పెట్టె పైన సర్ది, మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చాడు.

"వచ్చే ఏడు మళ్ళీ రాయరా. ఎంత ఖర్చయినా చదివిస్తా. ముందస్తువి ఒక్కటీ పెట్టొద్దు," అంది.

"రాస్తా. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బాగా రాశానంటే, నమ్ముతావా?"

నమ్ముతానని చెప్పడానికి నోరు తెరిచానంది నాతో. యురిమ్ గుర్తొచ్చిందట. చీటీలో లేని జవాబులు గుర్తొచ్చాయట. అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

"చెప్పావా మరి?" అని అడిగాను.

"తలుపులు మూసుకున్నాయి," అంది, నమూనా గాజు గొట్టం కడుగుతూ.