తమ్ముడి ఫొటో ముందు పెట్టిన సీసా

ఆ సీసా మా తమ్ముడు చనిపోయిన సంవత్సరమే, పెద్దల అమావాస్యనాడు బలసముద్రంలో వాళ్ళింటికి వచ్చింది.

తెచ్చినవాడు సోలార్ ప్లాంటు ఇంజనీరు. వేరుశనగ పండించినన్నాళ్ళూ పండగకు తప్ప తాగని మా తమ్ముడు, భూమి లీజుకిచ్చాక పొద్దుపోక ఆ ప్లాంటు గేటు దగ్గరే కూర్చునేవాడు. ఒక్కసారన్నా ఫారిన్ సరుకు రుచి చూడాలని ఆయనతో అంటుండేవాడట. తెస్తానని ఆయన మాటిచ్చాడు. ఈలోగా మావాడు తెల్లారింది మొదలు ప్యాకెట్టు విస్కీ తాగి తాగి, కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి పోయాడు.

"సింగిల్ మాల్ట్ విస్కీ అమ్మా, లిమిటెడ్ ఎడిషన్. కొన్ని సీసాలే చేస్తారు. చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఊరబెడతారు" అన్నాడు ఇంజనీరు, పట్టుగుడ్డ పరిచిన పెట్టెలోంచి తీస్తూ. మనిషిని మింగేదానికి ఇంత మర్యాదా అని నాకు ఒళ్ళు మండింది. కానీ ఇచ్చిన మాట కోసం చచ్చినవాడింటికి వచ్చిన మనిషిని ఏమనగలం? సీసా అందుకుని ఫొటో ముందు పెట్టాను.

మాలో ఆ రోజు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఫొటో ముందు ఆకులో వడ్డించి ఎడ పెట్టి, వాళ్ళు వచ్చి తినిపోవడానికి కాసేపు తలుపు మూస్తాం. తర్వాత ఆ ఎడలోది మొదట కొడుకు నోట్లో వేసుకోవాలి, మాంసమైనా మందైనా.

మా మరదలు వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది. "వదినా, నా మొగుణ్ణి మింగింది చాలు. పిల్లోడికి దాని రుచి తెలీకూడదు. మీరే అడ్డం పడాల."

వాడికి ఇరవై ఏళ్ళు. ప్లాంటులో ప్యానెళ్ళు కడిగే పనికి పోతాడు. నోట్లో నాలుక లేనివాడు, తల్లి గీసిన గీత దాటడని మా అందరి నమ్మకం. "నేనుండాను కదా" అన్నాను.

తలుపు తీశాక మా చిన్నాయన ఎడలో పోసిపెట్టిన మందు గ్లాసు వాడికివ్వబోతే నేను లాక్కున్నాను.

"ఏందమ్మా ఇది, ఆడదానివి" అన్నాడాయన.

"తోడబుట్టినదాన్ని. నేను తాగితే వానికి చేరదా?" అని ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. ముందు తేనెలాంటి తీపి తగిలింది, వెంటనే మంట. పచ్చికట్టెల పొయ్యి ఊదుతుంటే గొంతులో పడే పొగ, దాని వెనకే ఆసుపత్రి వాసన. ఊపిరాడక దగ్గి దగ్గి కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి.

"చాల్లే, మేనత్తకు ఎక్కేటట్టుండాది" అన్నాడు చిన్నాయన. తమ్ముడు పోయాక మా మరదలు నవ్వడం నేను అప్పుడే చూశాను. నాకూ గండం గడిచిందనిపించింది.

కానీ చిన్నాయన వదల్లేదు. "కొడుకు ముట్టకపోతే వాడు ఆకలితోనే ఎనక్కి పోతాడమ్మా. నాలిక తడిపినా చాలు" అన్నాడు. మొగుడు ఆకలితో పోతాడంటే ఏ ఆడది ఊరుకుంటుంది? మా మరదలు తనే గ్లాసు అందించింది. "ఒక్క చుక్క నాయనా. మంటగా ఉంటాది, ఉమ్మొద్దు" అని నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడింది.

వాడు గ్లాసులో మిగిలిందంతా ఒక్క గుక్కలో వంచుకున్నాడు. దగ్గలేదు. ముఖం చిట్లించలేదు. నీళ్ళ కోసం చెయ్యి చాపలేదు. మూతి తుడుచుకుని తలెత్తి మా ముఖాలు చూశాకే, తను చేసిందేమిటో వాడికి తెలిసింది.

ఇంజనీరు గోడవైపు తిరిగాడు. మా మరదలు చెంబు కింద పెట్టింది.

"ఎప్పట్నుంచి నాయనా?" అంది.

వాడి గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "నాయన చేతులు వణుకుతాంటే, ప్యాకెట్టు తెమ్మని నువ్వు నన్ను పంపుతాంటివి కదమ్మా. అప్పట్నుంచి."