ఇంజను మూత మీద పాలసీసా

ఆ అవ్వ పేరు నేను అడగలేదు. కరీంనగర్ నుంచి గోదావరిఖని వచ్చే మధ్యాహ్నం బస్సులో నా పక్కన కూర్చుంది. నా ఒళ్లో అక్క కూతురు. పొద్దున కలిపిన డబ్బాపాలు వెచ్చగా ఉంటాయని సీసాను డ్రైవరు పక్కన ఇంజను మూత మీద పెట్టాను. బసంత్‌నగర్ దగ్గర పాప ఏడ్చింది. సీసా అందుకోగానే అవ్వ గుంజుకుని, పాలన్నీ కిటికీలోంచి పారబోసింది. “పాప ఏడుస్తుంటే ఎందుకు పారబోశావు?” అన్నాను.

“ఏడిస్తే ఏడ్వనియ్యి బిడ్డా. గా వేడికి పాలు ఖరాబైతయి.”

తన ఫ్లాస్కులోని వేడినీళ్లతో సీసా కడిగి, నా దగ్గరి పొడితో మళ్లీ పాలు కలిపింది. చల్లారాక మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసి ఇచ్చింది.

“నీ వెంట పిల్లలు లేరు గదా అవ్వా, ఫ్లాస్కు ఎందుకు?” అని మెల్లగా అడిగాను.

“ఉండె, మనుమడు,” అంది ఇంజను మూత వైపు చూస్తూ. “వాని పాలసీసా నేను సుత గాడనే పెట్టిన.”