సర్కారు కల్లం

ఇప్పుడంటే ఫోన్లో ఫొటో తీసి పంపగానే పంట లెక్క పైవాళ్లకు చేరిపోతోంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సంగతి వేరు. దేశంలో ఎంత కంది పండిందో ఢిల్లీలో తెలియాలంటే ముందు నేను వికారాబాద్‌లో పొద్దున రైలెక్కి, తాండూరులో దిగి, బస్సు పట్టుకుని, ఒక చేతిలో తాడూ ఇంకో చేతిలో మేకులూ పట్టుకుని ఎవరి చేనులోనో దిగాల్సి వచ్చేది. (ఇందులో నా గొప్ప కొంచెం ఎక్కువే కలిసింది. నాలాంటివాళ్లు ఊరూరా ఉండేవాళ్లు. కానీ ఆ వయసులో ఢిల్లీ నా కోసమే ఎదురుచూస్తోందనుకునేదాన్ని.)

దాన్ని పంట కోత ప్రయోగం అంటారు. ఊరు మొత్తం కోసి తూయడం అయ్యే పని కాదు కాబట్టి చీటీ తీసినట్టు కొన్ని చేలను ఎంచుతారు. ఆ చేనులోనూ చీటీ చెప్పిన చోటే తాడుతో చదరం కట్టి, అందులో కాసినదంతా గింజ పోకుండా కోసి తూస్తారు. ఆ తూకాన్ని బట్టి ఊరి దిగుబడి, ఊళ్లను బట్టి జిల్లా, జిల్లాలను బట్టి రాష్ట్రం, అట్లా పైదాకా పోతుంది. మా పై అధికారిని అందరూ తరాజు సారు అనేవాళ్లు. ఆయన ఎక్కడికి పోయినా సొంత తరాజు వెంట తీసుకెళ్లేవాడు, ఇంకొకరి తూకం నమ్మేవాడు కాదు. "గింజ పోతే జిల్లా పోతది" అనేది ఆయన మాట. తేడా వచ్చిందంటే మెమో ఇచ్చేవాడు. నాకు ప్రొబేషన్ ఇంకా అవలేదు, అదే నా మొదటి ప్రయోగం. మెమో వస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని నాకు నిద్రలో కూడా ఆ తరాజే కనిపించేది.

చీటీలో వచ్చిన చేను ఒక పెద్దమ్మది. గొర్లు కాసే ఇంటావిడ, భర్త పోయాక గొర్లు అమ్మేసి ఉన్న చేనులో కంది వేసుకుంటోంది. నేను మేకులు దిగ్గొడుతుంటే నడుమ్మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఊర్లె గిన్ని చేన్లుండంగ నా చేనే దొరికిందా బిడ్డా?"

"చీటీల వచ్చింది పెద్దమ్మా."

"చీటీల వస్తె ఏమిస్తరు?"

"ఏం ఇయ్యరు."

"ఏం ఇయ్యనిదానికి చీటీ ఎందుకు తీస్తరు మల్ల?"

దీనికి జవాబు శిక్షణలో చెప్పలేదు. అయినా ఆవిడ మనసు మంచిది, కోతకు తనూ కొడవలి పట్టింది. కోసిన కట్టె ఎండాక కొట్టించి, చాటతో చెరిగి, గింజలు తూచి రాసుకున్నాను. అవే గింజలు బాగా ఎండాక సారు ముందర మళ్లీ తూచాలి. ఆవిడ వాకిట్లో తాండూరు బండలు పరిచి ఉన్నాయి, వాటిమీద గింజలు పోసి గట్టిగా చెప్పాను. సారు వచ్చేదాకా వీటిని ఎవ్వరూ కొలవొద్దు, ఇంట్లోకి తీసుకుపోవద్దు, ఇక్కడే ఎండాలి అని. ఎంత బాగా చెప్పానో అని రైల్లో నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

సారు వచ్చే రోజు పొద్దున్నే ఆ వాకిట్లో అడుగుపెట్టాను. పోసినదాంట్లో సగం లేదు. పక్షులు తిన్నాయా, ఎవరైనా ఎత్తుకుపోయారా అని నేను కంగారుపడుతుంటే పెద్దమ్మ చాయ్ గ్లాసు చేతికిచ్చి నింపాదిగా చెప్పింది.

"పక్షులెందుకు తింటయి బిడ్డా, నేనే ఇచ్చిన. కల్లం కాడికొచ్చినోళ్లను ఉత్త చేతులతోటి ఎట్ల పంపుత?"

"ఇది కల్లం కాదు పెద్దమ్మా, ప్రయోగం."

"కొలిచి ఇంట్ల పోసేదాంక కల్లమే. కొలవొద్దంటివి, ఇంట్ల పొయ్యొద్దంటివి. నువ్వే గదా చెప్పినవ్?"

నేనే చెప్పాను, నిజమే. ఆ ఊళ్లో కల్లం, అంటే పంట నూర్చి కొలిచే పని, ఒక్క పూటలో అయిపోతుందట. ఆ పూట దారిన పోయేవాళ్లు వచ్చినా దోసెడు పెట్టి పంపుతారు, లేకుంటే వచ్చే ఏడు చేను అలుగుతుందని నమ్మకం. నా పుణ్యమా అని ఈ కల్లం రోజుల తరబడి తెరిచే ఉంది. సంగతి ఊరంతా పాకి, నీళ్లడిగే నెపంతో వచ్చినవాళ్లు, మేక తప్పిపోయిందని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, పోయినేడాది మాటలు బంద్ చేసినవాళ్లు కూడా వచ్చి పలకరించి పోయారట. ఆవిడకు ఆ చివరి సంగతి చాలా సంతోషంగా ఉంది.

నాకు ఏడుపొచ్చింది. (వచ్చిందని కాదు, ఏడ్చాను. బండమీద కూర్చుని చున్నీతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాను.) నా ఉద్యోగం సంగతి చెప్పుకుంటే సిగ్గని ఊరి సంగతి చెప్పాను. "ఇవి నీ ఒక్కదాని కందులు కావు పెద్దమ్మా. వీటిని చూసే మీ ఊరంత ఎంత పండిందో రాస్తరు. ఇక్కడ దోసెడు తక్కువైతే ఊర్ల బండ్లకు బండ్లే పండలేదని రాస్తరు."

ఆవిడ ముఖం మారిపోయింది. "మా ఊర్ల కంది పండలేదని రాస్తరా? గింత పంటొచ్చినంక?" అని గోడకు ఆనించిన చాట చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది. ఎవరెవరికి ఇచ్చిందో ఆవిడకు బాగానే గుర్తుంది. నేను వెనకాల పరిగెత్తాను. ప్రతి గడప దగ్గరా ఒకటే మాట. "మనూరు పండలేదని రాస్తరంట, కల్లం గింజలు మల్ల పొయ్యుండ్రి."

నేను ఊహించనిది అప్పుడు జరిగింది. ఒకరి దగ్గర తెచ్చుకున్నదాన్ని అక్కడ ఎవ్వరూ సరిసమానంగా తిరిగివ్వరు, మీద కొంచెం వేసే ఇస్తారు. పైగా ఇది ఊరి పరువు. దోసెడు తీసుకున్నవాళ్లు సోలెడు పోశారు. అసలు ఏమీ తీసుకోనివాళ్లు కూడా మేమేం తక్కువా అని తెచ్చి పోశారు. వద్దు, చాలు అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను, నా మాట వినిపించుకునే స్థితిలో ఎవరూ లేరు. తరాజు సారు జీపు దిగేసరికి బండలమీద కుప్ప పెరిగి పెద్దమ్మ మోకాలిదాకా వచ్చింది.

సారు తూచాడు. నా కాగితం చూశాడు. మళ్లీ తూచాడు. "ఎండితే తగ్గే కందులను సర్వీసంత చూసిన. ఎండినకొద్ది పెరిగేటియి ఇవే చూస్తున్న" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ మొదటినుంచి చివరిదాకా మొత్తం చెప్పేసింది, నేను ఏడ్చిన సంగతితో సహా. సారు చాలాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతుంటే కోపంతో వణుకుతున్నాడనుకున్నాను. ఇటు తిరిగినప్పుడు మాత్రం ముఖం మామూలుగానే ఉంది. ఈ తూకం చెల్లదు, చేను ఇంకా నిలిచే ఉంది కాబట్టి చీటీ మళ్లీ తీసి ఇంకోచోట కోయాలి, ఇదీ తప్పితే మెమో, అన్నాడు. బయల్దేరబోతుంటే పెద్దమ్మ దోసిలి నింపి ముందుకు చాపింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దమ్మా, డ్యూటీల ఉన్న." జీపు మలుపు తిరిగేదాకా ఆవిడ ఆ దోసిలి దించలేదు. నన్ను మెమో భయంకన్నా ఆ దోసిలే ఎక్కువ బాధపెట్టింది.

రెండోసారి ఉపాయం ఆవిడే చెప్పింది. "రెండు కల్లాలు పెడ్దాం బిడ్డా. ఒకటి నాది, ఒకటి నీది. పంచుడంత నా దాంట్లకెల్లే." అట్లాగే చేశాం. తన కొత్త కోత కందులు వాకిట్లో ఒకవైపు, నా చదరం కందులు ఇంకోవైపు. వచ్చినవాళ్లు పొరపాటున నా కుప్పవైపు చూస్తే చాలు, ఆవిడ అడ్డం పోయేది. "గది సర్కారు కల్లం. సర్కారు ఎవ్వలకేం ఇయ్యది." వాళ్లు నావైపు జాలిగా చూసి, దోసెడు ఆవిడ దగ్గర తీసుకుని పోయేవాళ్లు. ఇంత పిసినారి కల్లానికి యజమానినని ఊరందరికీ తెలిశాక తలెత్తుకోలేకపోయాను.

సారు వచ్చి తూచాడు. ఎండి ఎంత తగ్గాలో అంతే తగ్గింది. కాగితంమీద సంతకం పెట్టి "ఇగ ఈ గింజలు నీయే అమ్మా, ఇంట్ల పోసుకో" అన్నాడు. పెద్దమ్మ కదల్లేదు.

"కొలుచుడైతె అయింది గని, ఇంట్ల ఇంక పొయ్యలే. ఇది కల్లమే. పంచు బిడ్డా, నీ కల్లం నువ్వే పంచాలె."

నేను సారువైపు చూశాను. ఆయన జేబులోంచి దస్తీ తీసి మడతలు విప్పి రెండు చేతులతో పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. దోసెడు పోస్తే తొందరలో సగం బండలమీద పడ్డాయి, ఆయన వంగి ఆ గింజలు కూడా ఒక్కటి వదలకుండా ఏరుకున్నాడు. ఆ తర్వాత వాకిట్లో ఉన్నవాళ్లందరికీ పంచాను. చివరికి పెద్దమ్మ నాకు పెట్టింది, చున్నీ పట్టాను. ఆ కందులతో మా అమ్మ పప్పు చేస్తే, ఇది సర్కారు పెట్టింది అని మా నాన్న ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. తరాజు సారు చేసిన తనిఖీలు ఇప్పుడు నేను చేస్తున్నాను. మొన్న దౌల్తాబాద్ వైపు ఒక ఊళ్లో కొత్తగా చేరిన అమ్మాయి ప్రయోగం చూశాను. తాడు బిగుతుగా ఉంది, తూకం సరిగ్గా ఉంది, ఫోన్లో అన్నీ ఎక్కించింది. "ఒక్క గింజ కూడ బయటికి పోలేదు మేడం" అంది గర్వంగా. చాలా బాగా చేశావన్నాను, నిజంగానే బాగా చేసింది. పని అయిపోయింది, రైతు సంచీ ఎత్తి ఇంట్లో పోసుకున్నాడు. నేను ఇంకా వాకిట్లోనే ఉన్నాను.

"ఏమన్న మర్చిపోయిండ్రా మేడం?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఏం లేదు అన్నాను. అప్పుడు చూసుకున్నాను, చీర కొంగు రెండు చేతులతో చాపి పట్టుకుని ఉన్నాను.